జేజినాయన కొత్తపైస

పిల్లలూ, మీలో కొందరు నాణేలు పోగుచేస్తూ ఉంటారు. నేనూ చేసేవాణ్ణి. అప్పుడు నేను చేసిన ఒక తెలివితక్కువ పని చెబుతాను, వినండి.

మాది కర్నూలు జిల్లాలో ఒక పల్లె. 1957 ఏప్రిల్ 1న రూపాయికి పదహారణాల లెక్క పోయి, నూరు నయాపైసల లెక్క వచ్చింది. ఆ రోజుల్లో మా జేజినాయన కర్నూలులో వేరుసెనక్కాయలు అమ్మితే, చిల్లరలో ఒక కొత్తపైస వచ్చిందట. తళతళలాడే ఆ కంచుబిళ్ళను ఆయన ఖర్చుపెట్టక, గుడ్డలో చుట్టి పెట్టెలో దాచాడు.

నాకు పదకొండేళ్ళప్పుడు వానలు లేక మా బావి ఎండిపోయింది. హైస్కూలు ఫీజుకూ పుస్తకాలకూ డబ్బు లేదు. "పాత నాణేలకు మంచి ధర వస్తుందంట. పోయి చూద్దాం పా అబ్బీ," అన్నాడు జేజినాయన.

పెట్టె తీసి చూస్తే పైస నల్లబడి ఉంది. మెరిస్తే ఇంకా ఎక్కువ వస్తుంది గదా అనుకుని, రాత్రి ఎవరికీ చెప్పకుండా చింతపండూ ఉప్పూ వేసి తోమేశాను. బంగారంలా మెరిసింది!

మర్నాడు కర్నూలులో నాణేలు కొనే ఆయన భూతద్దం పెట్టి చూసి, "దీన్ని తోమిందెవరు?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

"టంకశాలలో అచ్చు గుద్దినప్పుడు లోహం ఒత్తుకుని పారి, కంటికి కనబడని సన్నని గీతలు పడతాయి. అసలు మెరుపు వాటివల్లనే. తోమితే అవి అరిగిపోతాయి, మళ్ళీ రావు. ఇలాంటి పైసలు కోట్లకొద్దీ వేశారు. తోమకున్నా పెద్ద ధర రాదు గాని, నాలుగు డబ్బులు ఇచ్చేవాణ్ణి," అన్నాడాయన.

బస్సులో ఏడ్చాను. "పోనీలే నాయనా, ఇంటికోసమే చేశావు. తెలియని పని చేసేముందు అడగాల," అన్నాడు జేజినాయన. తన చెవిపోగులు అమ్మి నన్ను బడిలో చేర్చాడు.

పెద్దయ్యాక ఈ ధరల సంగతి తెలుసుకున్నాను. 1949లో అమెరికాలో షెల్డన్ అనే ఆయన నాణెం ఎంత బాగుందో చెప్పటానికి 1 నుంచి 70 వరకు అంకెలు పెట్టాడు. ఇప్పుడు కొత్త నాణేలకు కూడా అలా అంకె వేయించి, ప్లాస్టిక్ డబ్బీలో మూయిస్తారు. 70 వచ్చినవి కొన్నే ఉన్నంతకాలం ధర ఆకాశాన్నంటుతుంది. అది చూసి అందరూ తమ నాణేలను పంపుతారు. 70లు పెరుగుతాయి, ధర దిగుతుంది. ముందు కొన్నవాడు నష్టపోతాడు.

పత్తికొండ సంతలో టమోటాల ధరా ఇంతే గదా అంటారా? ఒక తేడా ఉంది. టమోటాలు తిన్నకొద్దీ తరిగిపోతాయి, ధర మళ్ళీ ఎక్కవచ్చు. డబ్బీలోని నాణేన్ని ఎవరూ తినరు. వాటి లెక్క పెరగటమే గాని తరగటం అరుదు.

మరొక మాట, పెద్దలకు కూడా. "మీ పాత నాణేనికి లక్షలిస్తాం, ముందు కమీషన్ కట్టండి" అని ఎవరైనా అంటే నమ్మకండి. తమ పేరు చెప్పి ఇలా మోసం చేస్తున్నారని రిజర్వు బ్యాంకే 2021లో హెచ్చరించింది.

ఆ పైస నా దగ్గరే ఉంది. మళ్ళీ నల్లబడింది. ఇక తోమను. దాని ధర ఎంతని ఎవరైనా అడిగితే, ఒక జత చెవిపోగులని చెబుతాను.