ఒంటరైతే రౌడీ... గుంపైతే బుద్ధిమంతుడు!

ఆదివారం తెల్లారితే చాలు, ఉత్తర కోల్‌కతాలో బాగ్‌బజార్ పక్కనున్న గాలిఫ్ స్ట్రీట్ సంతగా మారిపోతుంది. మొక్కలూ పక్షులూ చూసుకుంటూ ముందుకెళ్తే, ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో రంగురంగుల చేపలు. వెంట పిల్లలుంటే 'అదొకటి, ఇదొకటి' అంటూ వేలు చూపిస్తారు. చిక్కంతా అక్కడే!

నల్లచారల టైగర్ బార్బ్‌నే తీసుకోండి. ఇండోనేసియాలోని సుమత్రా దీని సొంతూరు. సహజంగా గుంపులో బతికే చేప. ఒకటో రెండో తెచ్చి తొట్టెలో వేస్తే ఏంజెల్ చేపల పొడవాటి రెక్కల్ని కొరికేస్తుంది. ఆ గాయాలకు ఇన్ఫెక్షన్ సోకితే అవి చనిపోవచ్చు కూడా. అదే ఎనిమిదో పదో ఉంటే, పెత్తనం కోసం తమలో తామే తరుముకుంటాయి. పక్కవాటి జోలికి పోవడం తగ్గుతుంది.

తగ్గుతుందే తప్ప పూర్తిగా మానవు. అందుకే ఏంజెల్, గప్పీ, ఫైటర్ చేపల్ని వీటితో కలపకూడదు. దీటుగా ఈదే జెయింట్ డానియోలైతే సరిజోడీ. మనదేశపు వాగుల్లోనూ ఉండే ఈ చేపల్నీ కనీసం ఆరు వేయాలి. రెండు గుంపులకూ కలిపి నాలుగడుగుల తొట్టె ఉంటే మేలు.

ఇంట్లో అంత చోటు లేదా? ఒక్క రకంతోనే సరిపెట్టుకోండి. సంత పది రకాలతో ఊరిస్తుంది. ఇంటికెళ్లాక కలిసి బతకాల్సింది మాత్రం ఆ చేపలే!