తాత్కాలిక ఈజ్‌మెంట్ సొమ్ము, పన్ను రిటర్ను

అమెరికాలో రోడ్డు వెడల్పు చేసేటప్పుడో మురుగునీటి గొట్టాలు వేసేటప్పుడో యంత్రాలు నిలుపుకోవడానికి స్థానిక ప్రభుత్వమో కంపెనీయో పక్కనున్న స్థలాన్ని కొంతకాలం వాడుకొని యజమానికి సొమ్ము చెల్లిస్తుంది. యాజమాన్యం మారకుండా, నిర్ణీత అవసరానికి మాత్రమే ఇతరుల భూమిని వాడుకొనే ఈ హక్కును ఈజ్‌మెంట్ అంటారు. అక్కడ ఇళ్లు, స్థలాలు కొనుక్కొన్న తెలుగు కుటుంబాలకూ ఇటువంటి ఒప్పందం ఎదురు కావచ్చు కనుక, ఆ సొమ్ముపై పన్ను ఎలా పడుతుందో తెలుసుకోవడం అవసరం.

పన్ను స్వరూపాన్ని ప్రధానంగా నిర్ణయించేది గడువు. శాశ్వత ఈజ్‌మెంట్‌కు వచ్చిన సొమ్మును సాధారణంగా ఆ భూభాగపు బేసిస్ నుంచి, అంటే ఆస్తిపై పెట్టిన పెట్టుబడిగా పన్ను చట్టం గుర్తించే విలువ నుంచి తగ్గిస్తారు; బేసిస్ 14,000 డాలర్లు ఉన్న భాగానికి 10,000 డాలర్లు వస్తే అప్పటికి పన్ను ఉండదు, బేసిస్ 4,000కు తగ్గుతుంది. అదే 10,000 డాలర్లు తాత్కాలిక వాడకానికి వస్తే అది అద్దె ఆదాయమే కాబట్టి, ఫారం 1040కి జతపరిచే షెడ్యూల్ 'ఇ'లో చూపాలి. మూడేళ్ల వాడకానికి ఒకేసారి ముందుగా చెల్లించినా, అందుకొన్న సంవత్సరంలోనే మొత్తమంతా ఆదాయమవుతుంది.

చెల్లించినవారు అద్దెల వివరం తెలిపే ఫారం 1099-మిస్క్ పంపడం మామూలే గాని, అది రాకపోయినంత మాత్రాన ఆదాయాన్ని చూపే బాధ్యత తీరిపోదు. ఫారంలో సొమ్మును తప్పు గడిలో చూపితే, రిటర్ను వేయకముందే సరిచేయించుకోవాలి.

ఒకే చెక్కులో వేర్వేరు స్వభావాలు గల సొమ్ము కలిసి ఉండవచ్చు: వాడకానికి ఇచ్చింది అద్దె, పంట నష్టానికి ఇచ్చింది సేద్యపు ఆదాయం, భూమికి కలిగిన శాశ్వత నష్టానికి ఇచ్చింది సాధారణంగా బేసిస్‌ను తగ్గించే పరిహారం. ఈ వ్యాసకర్త తన స్థలం విషయంలో అద్దెనూ నష్టపరిహారాన్నీ ఒప్పందంలో వేర్వేరు అంకెలుగా రాయించుకొన్న తరువాతే సంతకం చేయడానికి కారణం ఇదే; విభజన రాతలో లేకపోతే, మొత్తంలో ఎంత భాగం పరిహారమో తరువాత నిరూపించడం యజమానికి కష్టమవుతుంది.

కాబట్టి గడువు, ప్రయోజనం, విడివిడి మొత్తాలు ఒప్పందంలో స్పష్టంగా రాయించుకొని, ఆ ప్రతిని రిటర్ను కాగితాలతో భద్రపరచి, సందేహం ఉన్నచోట పన్ను నిపుణుణ్ణి సంతకానికి ముందే సంప్రదించాలి.