ఒప్పుకొన్న తప్పు, ఓపరాని షరతు

తప్పు చేసినవాడు దానిని ఒప్పుకొనుట కష్టము. ఒప్పుకొన్న పిమ్మట వాని మొర నాలకించువారు లేకపోవుట అంతకంటె కష్టము. నలువది యేండ్లు దాటిన పిమ్మట ఈ సంగతి మాకు మా పూర్వశిష్యుని మూలమున తెలిసినది.

ఆ యువకుడు ప్రొద్దుటూరువాడు. పులివెందుల తోటలనుండి అరటిగెలలను వ్యానులో తెచ్చి అమ్మి, సొమ్ము యజమానికి చేర్చువాడు. తల్లి జబ్బుపడగా ఆ సొమ్ములో కొంత వాడుకొనెను. యజమాని కేసు పెట్టెను. ప్లీ బార్గెయినింగు అను నేరాంగీకారపు ఒడంబడిక మన దేశమున 2006 జూలై 5 నుండి అమలులో నున్నది. ఏడేండ్లకు మించని శిక్షగల నేరములకు, కొన్ని మినహాయింపులతో, అది వర్తించును. సొమ్ము తిరిగి కట్టి, నేర మొప్పుకొని, ప్రొబేషనుపై బయటపడుమని సలహా యిచ్చినవారము మేమే. "మీరు చెప్పినట్లే చేస్తా సార్" అని వాడు సంతకము చేసెను.

నెల తిరుగకమునుపే వాడు మా యింటికి వచ్చి కోర్టు కాగితము చూపెను. అనుమతి లేనిదే ప్రొద్దుటూరు పొలిమేర దాటరాదు. ప్రతి సోమవారము జమ్మలమడుగులో హాజరు కావలెను. ఒక షరతు కదలవద్దనుచున్నది, మరియొకటి కదలి రమ్మనుచున్నది! పులివెందులలో వేరొక వ్యాపారి పని యిచ్చెదనన్నను పోవుటకు వీలులేదు. షరతు తప్పినచో పాత నేరమునకే శిక్ష వేయవచ్చును. కాగితము ఆంగ్లమున నున్నది. వానికి మూడేండ్లు ఆంగ్లము బోధించినవారము మేము. అయినను వాడు దానిని చదువలేకపోయెను. సలహా యిచ్చిన మేము సంతకమునాడు వాని ప్రక్కన లేము. సిగ్గుపడితిమి.

మిత్రు డొకరు "నేర మొప్పుకొన్నవానికి షరతులపై వాదమేల? జైలు తప్పినది చాలదా?" అనిరి. చాలదు. యాజ్ఞవల్క్యస్మృతి ప్రాయశ్చిత్తము విధించునపుడు దేశకాలములను, వయశ్శక్తులను పరికింపుమన్నది. షరతు మనిషిని దిద్దుటకే గాని, కూడు పోగొట్టి మరల తప్పులోనికి త్రోయుటకు గాదు.

ప్లీడరుగారి నడిగితిమి. ఇట్టి తీర్పుపై అప్పీలు లేదు. హైకోర్టులో రిట్టు, సుప్రీంకోర్టులో ప్రత్యేకానుమతి మాత్రమే మిగులును. అయినను 1958 నాటి ప్రొబేషను చట్టము తలుపులన్నియు మూయలేదు. 4వ సెక్షను ప్రకారము కోర్టు షరతులను నేరస్థునకు వివరించి, ఉత్తరువు ప్రతి నీయవలెను. 8వ సెక్షను ప్రకారము, ప్రొబేషను అధికారి దరఖాస్తు పెట్టినచో, కోర్టు వానిని మార్చవచ్చును. తిప్పస్వామి కేసున సుప్రీంకోర్టు, స్వల్పశిక్ష యను హామీతో నేర మొప్పుకొన్నవానికి పైకోర్టు శిక్ష పెంచుట రాజ్యాంగపు 21వ అధికరణమునకు విరుద్ధమనెను. నమ్మి ఒప్పుకొన్నవాడును న్యాయమునకు అర్హుడే యని మేము గ్రహించితిమి.

వానిని వెంటబెట్టుకొని అధికారియొద్దకు పోతిమి. ఏ దినమున ఏ తోటకు పోవలెనో, ఎంత కూలి వచ్చునో వ్రాసి చూపితిమి. ఆయన ఓపికతో విని దరఖాస్తు పెట్టెను. కోర్టు పులివెందుల, జమ్మలమడుగుల రాకపోకలకు అనుమతించి, సోమవారపు హాజరు నట్లే యుంచెను. అది న్యాయమే, వాడును గొణుగలేదు.

ఇప్పుడు మా తరగతిలో నెల కొకమారు ఒక బ్యాంకు పత్రమునో, కోర్టు ఉత్తరువునో చదివించి, తెలుగున చెప్పించుచున్నాము. చదువరులారా, మీ యిండ్లలోను ఈ పని చేయుడు. సంతకము చేయు చేతి ప్రక్కన చదివి చెప్పు నోరొకటి యుండవలెను.