మట్టిగోడకు సిమెంటు పూసే ముందు

పోస్టు కొంచెం పెద్దదే. కార్తీకం వానలు మొదలయ్యేలోపు ఇంట్లో వాళ్లకు కూడా చదివి వినిపించండి.

సెలవులకు ఇంటికి పోతే ఒకటే మాట వినిపిస్తాది. "నాలుగు రూపాయలు చేతికొస్తే గోడలకు సిమెంటు పూయించాల." మా నాయన కూడా అదే అంటున్నాడు. మట్టిల్లు అనంగానే జనం మనల్ని చూసే చూపు అట్లాంటిది, ఆయన్ని తప్పు పట్టలేను.

2021 నవంబర్‌లో తిరుపతి, చిత్తూరు వైపు పడిన వానలు అందరికీ గుర్తే. మా కాలనీలో ఒక గోడ వానంతా నిలబడి, వాన ఆగిన నాలుగో రోజు ఎండలో కూలింది. అది బయట సిమెంటు పూసిన మట్టిగోడ. ఆ పక్కనే పేడతో అలికిన మా అవ్వ ఇంటి గోడ పెచ్చులు ఊడింది గానీ పడలేదు.

కారణం ఇది. మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుంటుంది. సిమెంటు పూత దాంతోపాటు కదలలేదు, అందుకే పగుళ్లిస్తుంది. ఆ పగుళ్లలో దిగిన వాననీళ్లు, నేలలోంచి పైకెక్కే చెమ్మ, రెండూ పూత వెనకాలే చిక్కుకుంటాయి. పైకి గోడ గట్టిగానే కనిపిస్తుంది, లోపల అడుగుభాగం మెత్తబడిపోతుంది. బరువు మోయలేక ఒక్కసారిగా కూలుతుంది. మట్టి, పేడ, సున్నం పూతలైతే పీల్చుకున్న తడిని ఎండకు మళ్లీ బయటికి వదులుతాయి. పెచ్చు ఊడితే కంటికి కనిపిస్తుంది, మళ్లీ మెత్తుకుంటాం.

చలిగాలి రాకూడదని కొందరు గోడకు ప్లాస్టిక్ పట్టా కొడతారు. గాలి దూరకుండా చేయడం వేరు, చెమ్మను బయటికి పోనీయకపోవడం వేరు. గాలీ జల్లూ వచ్చేది వాకిలి చట్రం పక్కన, దూలాల కింద, గోడకూ కప్పుకూ మధ్య ఉండే సందుల్లోంచి. తరిగిన వరిగడ్డి కలిపి నానబెట్టిన బంకమన్నుతో వాటిని మూయండి. పొయ్యి పొగ పోయే దారి మాత్రం మూయొద్దు.

ఇంకో మూడు పనులు. చూరు నీళ్లు గోడకు దూరంగా పడేట్టు కప్పు ముందుకు దించండి. గోడ చుట్టూ నీళ్లు నిలవకుండా చిన్న కాలువ తీయండి. ఇప్పటికే సిమెంటు పూసుంటే అడుగున తట్టి చూడండి. డొల్లగా మోగినా, తడిమరక పైకెక్కుతున్నా ఆ గోడ పక్కన పిల్లల్ని పడుకోబెట్టొద్దు.

ఒక మాట దాచకూడదు. వాగు పొంగి గోడ చుట్టూ నీళ్లు నిలిస్తే ఏ పూతా కాపాడదు, ఇల్లు వదిలి రావాల్సిందే. పక్కా ఇల్లు మన హక్కు, అడుగుదాం. అది వచ్చేదాకా ఉండే గోడ మాత్రం మన మీద పడకూడదు. మట్టి తక్కువదేమీ కాదు, పుదుచ్చేరి దగ్గర ఆరోవిల్‌లో మట్టి ఇటుకలతో పెద్ద భవనాలే కట్టారు.

సిమెంటు డబ్బుతో చూరు పొడిగించి సున్నం పూద్దామని నాయనకు చెప్పినా. "చూద్దాంలే" అన్నాడు. మీ ఊళ్లో పెద్దోళ్లు గోడమట్టిలో ఏమేం కలిపేవాళ్లో అడిగి కింద రాయండి. ఆయనకు నా మాట కన్నా వాళ్ల మాట మీద నమ్మకం ఎక్కువ.