దారి చూపే యంత్రం – దారి ఎరిగిన మనిషి

మానవుడు నడక నేర్చిన నాటి నుండి దారి అడుగుతూనే ఉన్నాడు. పూర్వం బాటసారి పొలిమేరలో పశువుల కాపరిని అడిగేవాడు. పిదప మైలురాళ్లను నమ్మాడు. నేడు ఆకాశాన్ని అడుగుతున్నాడు. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జి.పి.ఎస్. ఉపగ్రహాలలో కనీసం నాలుగింటి సంకేతాలు అందితే, మోటారు సైకిలు హ్యాండిలుకు బిగించిన చిన్న యంత్రం మనమున్న చోటును కొద్ది మీటర్ల తేడాతో చెప్పగలదు. అయితే ‘ఎక్కడ ఉన్నాను?’ అన్న ప్రశ్న వేరు, ‘ఎటు పోవాలి?’ అన్న ప్రశ్న వేరు. 2016లో చిన్న జిల్లాలుగా విడిపోయిన పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలలో మోటారు సైకిలుపై తిరిగే నాకు ఈ భేదం అనుభవంలో తెలిసినది.

కరీంనగర్ నుండి ఆదిలాబాదుకు దారి అడిగినప్పుడు నా యంత్రం జగిత్యాల, మెట్‌పల్లి మీదుగా 44వ జాతీయ రహదారి ఎక్కించి, నిర్మల్ గుండా పొమ్మన్నది. వేగం కోరేవారికి అది మంచి దారియే. నేను కోరినది వేరు. ధర్మపురి దాటి రాయపట్నం వంతెనపై గోదావరిని చూడాలి. లక్సెట్టిపేట, జన్నారం మీదుగా, 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటింపబడిన కవ్వాల్ అడవి గుండా పగటి వేళ ఉట్నూరు చేరాలి. 1940లలో గోండుల జీవితాన్ని అధ్యయనం చేసిన హైమండార్ఫ్ నివసించిన మార్లవాయి చూసి, తిరిగి వచ్చి ఇంద్రవెల్లి మీదుగా ఆదిలాబాదు చేరాలి. ఈ కోరిక యంత్రానికి తెలియదు. మనమే తెలియజెప్పాలి.

అందుకు మార్గమున్నది. కంప్యూటరు పటంపై దారిని గీసి, జి.పి.ఎక్స్. అనే ఫైలుగా యంత్రంలోకి ఎక్కించవచ్చు. ఇందులో బిందువులు రెండు రకాలు. ఆగవలసిన చోట ఉంచేది మజిలీ బిందువు. దానిని చేరే వరకు యంత్రం మనలను వదలదు. దారిని మన వైపు వంచడానికి మాత్రమే ఉంచేది రెండవది. దానిని యంత్రం మౌనంగా దాటిపోతుంది. దీనిని కూడలిలో గాక, మనం కోరిన రోడ్డు నడుమ ఉంచాలి. పొరపాటున పక్క సందులో పడిందా, ఆ సందులోకి పొమ్మని, మరల వెనుకకు తిరగమని యంత్రం పట్టుబడుతుంది. బిందువుల మధ్య దారిని యంత్రం తన పటాన్ని బట్టి తానే లెక్కకడుతుంది. కనుక కంప్యూటరులోని పటమూ, యంత్రంలోని పటమూ ఒకటే కాకపోతే, గీసిన దారి ఒకటి, నడిచే దారి మరొకటి అవుతుంది. అందుచేత నేను ‘ట్రాక్’ అనే స్థిరమైన గీతను కూడా వెంట ఉంచుకుంటాను. దానికి నోరు లేదు. కాని అది మాట మార్చదు.

ఒక శ్రావణ మాసంలో ఒక చిన్నవాడు నా ఫైలు అడిగాడు. నేను ఆ దారిని వేసవిలో గీశాను. అడవి వాగులపై కొన్ని చోట్ల ఉన్నవి లోలెవల్ వంతెనలు. జోరువాన కురిస్తే నీరు వాటి మీదుగానే పారుతుంది. తెర మీది గీత మాత్రం ఎండలోను వానలోను ఒకే రంగులో మెరుస్తుంది. కనుక నిర్మల్ దారిని మరొక ఫైలుగా చేసి రెండూ ఇచ్చి, “జన్నారంలో అడిగి గాని ముందుకు పోవద్దు తమ్ముడూ” అని చెప్పాను. అక్కడ చాయ్ హోటలు ముందు కూర్చున్న ఒక ముసలమ్మ, “వాగొచ్చింది బిడ్డా, పోకు” అన్నదట. అతడు నిర్మల్ దారికి మళ్లాడు. ఉపగ్రహాలు ఎన్ని ఉన్నా ఆనాడు వాగు సంగతి చెప్పినది ఆ తల్లియే.

ఇంతమాత్రాన యంత్రాన్ని నిరసించడం నా ఉద్దేశం కాదు. పటాన్ని ముందుగా నింపుకొని ఉంటే, సెల్‌ఫోను సంకేతం అందని అడవిలోనూ అది దారి చూపుతుంది. కాని దాని తెలివి పటంలో ఉన్నంతే. పటం తెలివి మనుషులు చేర్చినంతే. 2004లో ప్రారంభమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉమ్మడి పటంలో ఎవరైనా దారులను చేర్చవచ్చు, తప్పులను సరిదిద్దవచ్చు. ఆ పటాన్ని ఇలాంటి యంత్రాలలో పలు వాటికి ఎక్కించుకోవచ్చు.

రహదారి, మజిలీ అన్న మాటలు పారసీక, అరబ్బీ భాషల నుండి వచ్చి మన తెలుగులో ఇంటి మాటలైపోయినవి. దారులు అలాగే మనుషులను కలుపుతాయి. విద్యార్థి మిత్రులారా! మీ ఊరి బాట, మీ ఊరి వాగు, వాన వస్తే మునిగే వంతెన మీకు తెలిసినంతగా ఏ యంత్రానికీ తెలియవు. సెలవులలో ఊరికి పోయినప్పుడు వాటిని పటంపై గుర్తించండి. మీరు ఎన్నడూ చూడని ఒక బాటసారి క్షేమంగా ఇల్లు చేరడానికి అది తోడ్పడవచ్చు.