నాకు వేషం వద్దు, ఆట నడపనివ్వండి

"ఎప్పుడూ నడపడమేనా అక్కా? ఒక్కసారి మాతో కూర్చుని ఆడొచ్చు కదా!"

మిన్నెసోటాలో మా ఇంటి బేస్‌మెంటులో శనివారం ఆట ముగిసినప్పుడల్లా ఎవరో ఒకరు ఈ మాట అంటూనే ఉంటారు. నేనేదో త్యాగం చేస్తున్నానని వాళ్ల బెంగ. వాళ్లకు దక్కే సంతోషం కంటే నాకు దక్కేదే ఎక్కువని చెబితే నమ్మరు. అందుకే వివరంగా రాస్తున్నాను.

ఈ ఆట తెలియనివారి కోసం రెండు ముక్కలు. టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు దీన్ని. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒక్కొక్కరూ ఒక్కో పాత్రను కల్పించుకుంటారు. ఒకరు దొంగతనం మానేసిన దొంగ, ఒకరు నాటువైద్యురాలు, మరొకరు సైన్యం వదిలి పారిపోయి వచ్చిన సిపాయి. మిగతా లోకమంతా, అంటే ఊళ్లు, వానలు, శత్రువులు, సత్రం నడిపే ముసలమ్మ, అన్నీ గేమ్ మాస్టర్ నోటి నుంచే రావాలి. "నేను గోడ దూకుతాను" అని ఆటగాడు అంటే, దూకగలిగాడో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. దూకాక అవతల ఏముందో గేమ్ మాస్టర్ చెప్పాలి. ఒకరు గెలిచి ఇంకొకరు ఓడడం ఉండదు. కథ ముందుకు సాగడమే ఆట.

నేనుంటున్న ఈ జంటనగరాలే, మినియాపొలిస్, సెయింట్ పాల్, ఈ ఆటకు పుట్టిల్లు. డేవిడ్ వెస్లీ అనే కుర్రాడు ఇక్కడి యూనివర్సిటీ లైబ్రరీలో 1880 నాటి పుస్తకం ఒకటి చూశాడు. 'స్ట్రాటగోస్' దాని పేరు, సైనికాధికారులకు యుద్ధవిద్య నేర్పే ఆట. ఆటగాడు ఏ పనికైనా పూనుకోవచ్చు, అది అయ్యేదీ కానిదీ రెఫరీ తేల్చాలన్న పద్ధతి అతనికి అందులో దొరికింది. 1969లో బ్రౌన్‌స్టయిన్ అనే ఊహాపట్టణాన్ని తయారుచేసి, స్నేహితులకు మేయరు, బ్యాంకరు వంటి పాత్రలు పంచాడు. అసలు యుద్ధం మొదలవ్వకముందే అందరూ తలా ఒక మంతనం మొదలుపెట్టారు. ఇద్దరొచ్చి ద్వంద్వయుద్ధం చేసుకుంటామన్నారు. దానికి నియమాలు లేవు, అప్పటికప్పుడు కల్పించాల్సి వచ్చింది. పగ్గాలు చేజారాయి, ఆట చెడిపోయిందనుకున్నాడు వెస్లీ. ఆడినవాళ్లు మాత్రం మళ్లీ ఎప్పుడని వెంటపడ్డారు. వాళ్లలో డేవ్ ఆర్నెసన్ ఒకడు. 1971లో 'బ్లాక్‌మూర్' పేరుతో తన సొంత లోకాన్ని నడపడం మొదలుపెట్టాడు. పక్క రాష్ట్రంలోని గ్యారీ గైగాక్స్‌తో చేయి కలిపాక, 1974లో 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' వెయ్యి ప్రతులతో అచ్చయింది.

ఈ చరిత్ర చదివినప్పుడు నాకు మా మేనమామ గుర్తొచ్చాడు. మాది బళ్లారి. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం. 1953 అక్టోబరు 1న పాత బళ్లారి జిల్లాను విడదీసినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, బళ్లారి, సిరుగుప్ప, హొసపేట వైపంతా మైసూరుకు పోయాయి. మామది ఆలూరు వైపు పల్లె, మేము ఇటువైపు. ఆ సరిహద్దు గీతకు రెండు పక్కలా పల్లెల్లో పద్యనాటకాలు నేర్పడం ఆయన పని. పంట ఇంటికొచ్చాక ఏదో ఒక ఊరివాళ్లు ఆయన్ని పిలుచుకుపోయేవారు. రాత్రిళ్లు చావడిలో హార్మోనియం ముందేసుకుని, పగలంతా ఎద్దులు తోలి అలిసొచ్చిన మనుషులకు రాయబారం పద్యాలు చెప్పించేవాడు. ఎవరి గొంతు ఎంతవరకు లేస్తుందో, ఎవరికి మాట తడబడుతుందో చూసి వేషాలు పంచేవాడు. నాటకం రోజు పద్యం మరిచిపోయినవాడికి అందించేది, శ్రుతి తప్పినవాణ్ణి లాక్కొచ్చేది ఆయనే. తను మాత్రం ఏనాడూ ముఖానికి రంగు పూసుకోలేదు.

నువ్వెందుకు కృష్ణుడి వేషం కట్టవు మామా అని అడిగితే, "కిరీటం పెట్టుకుంటే ఒక్క కిష్ణుణ్ణే అయితాను పాపా. పెట్టె ముందర కూచుంటే అందరూ నేనే" అన్నాడు.

నాకు ఇంతకు మించిన జవాబు ఎక్కడా దొరకలేదు. ఆటగాడికి ఒకే పాత్ర, తన వంతు వచ్చేదాకా ఎదురుచూడాలి. నడిపేవాళ్లకు ఎదురుచూపు లేదు. ఎవరు మాట్లాడినా జవాబు వాళ్లదే. ఒకే గంటలో సుంకరి, సుల్తాను, కోమటి, దెయ్యం అన్నీ కావచ్చు.

అలా అని నడపడమంటే పెత్తనమని ఎవరైనా అనుకుంటే నేను ఒప్పుకోను. బళ్లారి నాటకరంగమే సాక్ష్యం. ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1886లో అక్కడ సరస వినోదినీ సభ అనే నాటక సమాజం పెట్టారు. వృత్తికి వకీలు. నాటకాలు రాశారు, ఆడించారు, తానూ వేషం కట్టారు. కానీ తెలుగువాళ్లు ఆయన్ని తలుచుకునేది ఆంధ్ర నాటక పితామహుడిగా, అంటే నలుగురి చేత ఆడించినవాడిగా. నటుడిగా పేరు మోగింది మేనల్లుడు బళ్లారి రాఘవది. ఒకరు వేదిక కడితే ఇంకొకరు వెలిగారు. వెలగడం ఒక రకం తృప్తి, వెలిగేందుకు చోటు కట్టడం ఇంకో రకం. మనుషులు పుట్టుకతోనే ఏదో ఒకవైపు మొగ్గుతారని నా నమ్మకం.

సండూరు తాలూకా దరోజి ఈరమ్మనూ చెప్పుకోవాలి. అక్షరం ముక్క రాని బుడగజంగాల ఆడమనిషి, బుర్రకథలు చెప్పేది. కుమారరాముడి కథ, బాలనాగమ్మ కథ వంటి పెద్ద పెద్ద కావ్యాలు నోటికే ఉండేవి. 2003లో హంపి కన్నడ విశ్వవిద్యాలయం ఆమెకు నాడోజ గౌరవం ఇచ్చింది. బుర్రకథలో ఒక్క గొంతే రాజూ రాణీ రాక్షసుడూ అవుతుంది. పక్కనున్న వంతలు మధ్యలో ప్రశ్నలు వేస్తారు, కథకురాలు వాటికి జవాబు చెబుతూనే కథను దారిలో పెడుతుంది. గేమ్ మాస్టర్ విద్య దీనికి దగ్గర చుట్టం. తేడా ఒక్కటే. బాలనాగమ్మ చివరికి ఏమవుతుందో ఈరమ్మకు ముందే తెలుసు. మా బల్ల దగ్గర చివర ఏమిటో నాకూ తెలియదు. నన్ను వారం వారం కూర్చోబెట్టేది ఆ తెలియకపోవడమే.

ఒక ఉదాహరణ చెబుతాను. బళ్లారి గుడ్డ అనే కొండ మీది పైకోట విజయనగర కాలంలో హనుమప్ప నాయకుడు కట్టించింది. తర్వాతి కాలంలో హైదర్ అలీ ఒక ఫ్రెంచి ఇంజనీరు చేత కిందికోట కట్టించాడు. అంతా అయ్యాక పక్కనున్న కుంబార గుడ్డ కోటకంటే ఎత్తని తేలిందట. శత్రువు అక్కడ ఫిరంగి పెడితే కోట గతి అంతే. కోపమొచ్చి ఆ ఇంజనీరును ఉరి తీయించాడని మా ఊళ్లో చెప్పుకుంటారు. ఈ కథను ఆటగా మార్చాను. "మీరంతా ఆ ఇంజనీరు కింద పనిచేసే కూలీలు, మేస్త్రీలు. రేపు తెల్లవారితే నవాబు వస్తాడు. ఆ కొండ ఎత్తని మీకు ఇప్పుడే తెలిసింది. ఏం చేస్తారు?"

పారిపోతారనో, కాళ్లమీద పడతారనో, నేరం ఇంకొకరి మీదికి తోస్తారనో ఊహించి మూడు దారులూ సిద్ధం చేసుకున్నాను. నర్సుగా పనిచేసే ఒకమ్మాయి నాలుగోది తీసింది. "రాత్రికి రాత్రి కుంబార గుడ్డ మీద రాళ్లు చేరవేసి పునాది వేద్దాం అక్కా. అక్కడ రెండో బురుజు కట్టాలని మొదటి నుంచీ లెక్కలోనే ఉందని చెబుదాం." బల్ల చుట్టూ కేకలు. ఇక రాళ్లు ఎవరు మోస్తారు, కావలివాళ్ల కళ్లు ఎలా కప్పుతారు, పొద్దున నవాబు ఏ ప్రశ్న వేస్తాడు, అన్నీ అక్కడికక్కడే అల్లాలి. పాచిక వేసే చేతులు వణికాయి. ఇంజనీరు బతికాడు. రెండు శతాబ్దాలు దాటిన మా ఊరి కథకు సముద్రానికి ఇవతల ఒక కొత్త ముగింపు పుట్టడం నా కళ్లతో చూశాను. వేషం వేసి ఉంటే నా పాత్ర గురించే ఆలోచిస్తూ ఉండేదాన్ని.

ఇంకో సంతోషం ఉంది. పంక్తిలో కూర్చుని తినడం కంటే వడ్డించడంలోనే కడుపు నిండేవాళ్లు మన పెళ్లిళ్లలో కనిపిస్తారు, ఎవరికి పప్పు తగ్గిందో, ఎవరు అడగడానికి మొహమాటపడుతున్నారో వాళ్ల కంటికే ఆనుతుంది. మా ఆటకు వచ్చే స్నేహితుల పిల్లవాడు ఒకడున్నాడు. ఇక్కడే పుట్టాడు. తెలుగు అర్థమవుతుంది, నోరు మాత్రం విప్పడు. వాడి కోసం ఆటలో ఒక అవ్వను పెట్టాను. కరువు పల్లెలో బావి ఆమెది. కన్నడం కలిసిన బళ్లారి తెలుగు తప్ప ఆమెకు ఇంకో భాష రాదు. అందరికీ దాహం, బేరమాడే పని వాడి పాత్రది. చాలాసేపు తటపటాయించి, "అవ్వా, నీళ్లు ఇస్తే నీ కట్టెలు కొట్టి పెడతాను" అన్నాడు. వాళ్లమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రాత్రి ఆటలో అతి చిన్న పాత్ర నాదే, అయినా అంత తృప్తి నాకు ఏ పండగలోనూ కలగలేదు.

వలస వచ్చినవాళ్లకు ఇందులో అదనంగా ఒక లాభం కూడా ఉంది. ఇక్కడి చలికాలంలో సాయంత్రం ఐదుకే చీకటి పడుతుంది. ఆ పొద్దుల్లో తుంగభద్ర ఆయకట్టు పల్లెలను, సండూరు ఎర్రకొండలను, సరిహద్దు సంతలను గుర్తుచేసుకుని కాగితం మీద పటాలు గీస్తాను. గుర్తులేనిది అమ్మకు ఫోన్ చేసి అడుగుతాను. ఆటగాడికి ఆట శనివారమే. నాకు వారమంతా ఆటే, వారమంతా మా ఊరే.

ఒక్క షరతు మాత్రం ఉంది. తన కథే సాగాలనే పంతం ఉన్నవాళ్లు ఈ కుర్చీలో కూర్చోకూడదు. ఆటగాళ్లు తోవ మార్చినప్పుడు సంబరపడే మనసు ఉండాలి. అది ఉంటే మిగతా విద్య అదే వస్తుంది.

ఈ ఆటకు ఆడేవాళ్లు ఎప్పుడూ ఎక్కువే, నడిపేవాళ్లే కరువు. మీ ఊళ్లోనూ నలుగురు తెలుగువాళ్లు ఉండే ఉంటారు. కాగితం, పెన్సిలు, పాచికలు చాలు. రాక్షసులు, డ్రాగన్లు అవసరం లేదు, మీ తాతల ఊరి కథ ఒకటి తీయండి, మధ్యలో ఆపి "ఇప్పుడు మీరేం చేస్తారు?" అని అడగండి. వాళ్లు చెప్పే జవాబు వినడం ఇష్టమైతే, మీరూ మా జట్టే.