సున్నం తెలిసిన ఇంజనీరు, రాతి దీపస్తంభం

పిడుగురాళ్ల



ఈమధ్య చెన్నై వెళ్లినప్పుడు హైకోర్టు ఆవరణలోని పాత లైట్‌హౌస్ చూసి వచ్చాను. సున్నం బట్టీల ఊళ్లో ఉంటూ ఈ సముద్రం కబుర్లేమిటి అనుకోకండి. దానికీ మన పల్నాటికీ సంబంధం ఉంది.

మద్రాసుకు చాలాకాలం సరైన రేవే లేదు. ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేసుకునేవి. మనుషుల్నీ సరుకునీ మసూలా పడవలు చేరవేసేవి. ఆ పడవలో ఒక్క మేకు ఉండేది కాదు, పలకల్ని కొబ్బరిపీచు తాడుతో కుట్టేవారు. మేకులు కొట్టిన పడవ అక్కడి అలల దెబ్బకు విచ్చిపోతుంది. కుట్టిన పడవ కాస్త వంగి తట్టుకుంటుంది. అలాంటి ఒడ్డున రాత్రిపూట దీపం లేకపోతే ఎలా? 1796లో సెయింట్ జార్జి కోటలో, ఇప్పుడు మ్యూజియం ఉన్న మేడ మీద, కొబ్బరినూనె దీపాలు పెట్టారు. అవి చాలక నేను చూసిన ఈ రాతి స్తంభం కట్టారు. 1844లో వెలిగింది. ఎత్తు 125 అడుగులు, రాయి పల్లవరానిది.

దీన్ని కట్టిన ఇంజనీరు కెప్టెన్ జె.టి. స్మిత్. సున్నం మీద ఫ్రెంచి ఇంజనీరు వికా రాసిన గ్రంథాన్ని 1837లో ఇంగ్లీషు చేసింది ఈయనే! బంకమట్టి పాలు ఉన్న సున్నపురాయిని కాలిస్తే ఆ సున్నం నీళ్లలో కూడా గట్టిపడుతుందని వికా తేల్చాడు. ఈ సంగతి తెలిశాక ఆ స్తంభాన్ని ఊరికే చూసి రాలేకపోయాను. అడుగున నిలబడి రాయికీ రాయికీ మధ్య అతుకు మీద గోరుతో గీకాను, పొడి రాలలేదు. మన బట్టీల్లో రాయి కాల్చే ప్రతి మనిషీ చూడాల్సిన కట్టడమని నాకు గట్టిగా అనిపించింది.

1894లో దీపం, పక్కనే కొత్తగా కట్టిన హైకోర్టు గుమ్మటం మీదికి మారింది. కింద న్యాయమూర్తులు, పైన ఓడలకు దారి చూపే దీపం. మన తాతల పొలం తగాదాలు గుంటూరు కోర్టులో తేలకపోతే అప్పీలుకు వెళ్లింది ఈ గుమ్మటాల కిందికే. టంగుటూరి ప్రకాశం గారు బారిస్టరుగా వాదించిందీ ఇక్కడే. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎండెన్ వచ్చి రేవు దగ్గరి చమురు ట్యాంకులను పేల్చింది, గుండ్లు ఇటు కూడా పడ్డాయి. దానికి గుర్తుగా ఆవరణలో శిలాఫలకం ఉంది. 1977లో మెరీనా దగ్గర కొత్త లైట్‌హౌస్ వచ్చేదాకా గుమ్మటం మీది దీపం పనిచేసింది.

వెళ్లాలనుకుంటే గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి, గేటు దగ్గర అనుమతి అడగండి. కోర్టు కదా, ఎప్పుడు పడితే అప్పుడు రానివ్వరు. లిఫ్టులో పైకెక్కి సముద్రం చూడాలంటే మాత్రం మెరీనా లైట్‌హౌస్‌కే వెళ్లాలి.

ఒక్క మాట. 1954 జులైలో గుంటూరులో మన ఆంధ్ర హైకోర్టు మొదలైంది. అంతకు ముందు మీ ఇంటివాళ్లు మద్రాసులో నడిపిన దావా కాగితాలు ట్రంకుపెట్టెల్లో ఉంటే చెదలకు వదిలెయ్యకండి. అందులో మన ఊళ్ల పేర్లు, పొలాల హద్దులు, పంటల వివరాలు ఉంటాయి. ఉన్నాయో లేవో చూసి నాకో ఉత్తరం ముక్క రాయండి. వీలైతే వచ్చి చూస్తాను.

ఉంటాను.